చూపు ఖరీదు

వచ్చే గురువారం పదింటికి విచారణ,
బ్రిడ్జ్‌వాటర్‌లో, లైబ్రరీ పైగదిలో.
ఇంకా తొమ్మిది రోజులున్నాయి
ఈ ఇల్లు ఎందుకూ పనికిరాదని రుజువు చెయ్యడానికి.

వంటింటి బల్ల మీద కాగితాలు పరిచాను.
ఎగిరిపోకుండా ఉప్పు సీసా, ఆల్డెన్ కళ్ళజోడు పెట్టె,
నిన్నటి రొట్టె సగం.
నోటీసులో ఒక గడి ఉంది: నీటి దృశ్యం.
దాని పక్కన అంకె
ఇల్లు మొత్తానికి కట్టినదానికంటే పెద్దది.

యాభై రెండేళ్ళుగా ఆ కిటికీలోంచి చూస్తున్నాను.
దృశ్యం చూళ్ళేదెప్పుడూ.
గాలి ఎటు తిరిగిందో చూశాను,
పడవ దీపం మలుపు దాటిందా అని చూశాను,
ఒక నవంబరులో తెల్లారేదాకా చూశాను.
టొరాంటో నుంచి వేసవికొచ్చేవాళ్ళు
అవే నీళ్ళకెదురుగా అద్దాల గోడలు కట్టుకున్నాక
నా చూపుక్కూడా ధర పెరిగిందట.

సరే, లోపాలు రాయాలి.
ఇన్నాళ్ళూ ఎవరైనా వస్తే
మరక మీదికి క్యాలెండరు జరిపినదాన్ని,
ఇవాళ క్యాలెండరు తీసి మరకకి ఫొటో తీశాను.
వెలుతురు చాల్లేదని ఇంకోటి తీశాను.
మేడమెట్లలో ఐదోది.
పొగగొట్టం దగ్గర పగులు. పక్కన స్కేలు పెట్టాలట,
దొరక్క వెన్న కత్తి పెట్టాను.
తలుపు దగ్గర గోలీ వదిలితే
తనంతట తనే వెళ్ళి పొయ్యి కింద దూరింది.
ఆ ముక్కా రాశాను.
కాకి పిల్ల కాకికి ముద్దంటారు.
ఆ కాకే బోనెక్కి
పిల్ల నల్లగా ఉందని సాక్ష్యం చెప్పాలి.

పక్కగదిలోంచి ఆల్డెన్:
"నేల వాలిందని రాశావా?"
"రాశాను."
"వాలలేదు. సర్దుకుంది."
కాసేపాగి,
"ఆ దూలాన్ని నేనూ మా నాన్నా మంచు మీద లాక్కొచ్చాం."
ఫారం అంతా వెతికాను. దానికి గడి లేదు.
అతను టీవీ గొంతు పెంచాడు.

పోల్చడానికి మూడు అమ్మకాలు చూపించాలి.
రెండు దొరికాయి, రోడ్డవతలవి.
మూడోది వెర్నా హిమ్మెల్‌మన్ ఇల్లు.
మా ఇంటికి కవల. అదే కప్పు, అవే కిటికీలు.
మొన్నామధ్య సగం ధరకి పోయింది.
ఎందుకని అడుగుతారు.
మెట్ల కింద ఆమె ఎన్నాళ్ళు పడుందో
మాలో ఎవరికీ తెలీదని చెప్పాలా?
ఆ వారంలో వాళ్ళ పొగగొట్టం వైపు
ఒక్కసారైనా తలతిప్పానా అని మాత్రం అడగరు.
నీళ్ళవైపు చూస్తున్నానేమో.
ఆ కాగితం దొంతర్లో పెట్టాను, తీశాను,
మళ్ళీ పెట్టాను,
తీసి రొట్టె కింద దాచాను.

ఆదివారం మధ్యాహ్నం ఆల్డెన్ కనిపించలేదు.
పెరటివైపు నేలమాళిగ తలుపు తెరిచుంది.
లోపల టార్చి వెలుగు కదుల్తోంది.
ఎనభై ఏళ్ళ మనిషి, పొట్ట మీద పాకుతూ,
ఎవరినో బుజ్జగిస్తున్నట్టు గొణుగుతూ.
గంటకి బయటికొచ్చాడు, కనుబొమల్నిండా బూజు.
గుప్పిట విప్పాడు:
కాఫీ పొడిలా రాలిపోతున్న చెక్క.
జాము సీసా ఒకటి కడిగి, తుడిచి, అందులో పోసి,
మూత బిగించి నా కాగితాల మీద పెట్టాడు.
"ఇదీ పట్టుకెళ్ళు. ఉత్తరం వైపు దూలం."
చేతులు కడుక్కోడానికి
చాలాసేపు పట్టింది అతనికి.

ఇప్పుడు చెప్పాల్సింది బట్టీ పడుతున్నాను.
పది నిమిషాలిస్తారు.
ఇంట్లో కాదు. బయట ట్రక్కులో కూచుని,
అద్దాలు పైకెత్తి, హీటరు వేసుకుని,
"అయ్యా, ఈ ఇంటి నేల..." అని మొదలుపెడతాను.
ఎదురుగా వంటింట్లో దీపం.
గొంతు తగ్గిస్తాను.